జాబితాలో ఎనిమిదో పేరు: చిన్న సంస్థల గ్రూపు ఆరోగ్య బీమా చరిత్ర



గత నెలలో ఒక సాయంత్రం, మా పట్టణంలో చిన్న ముద్రణాలయం నడుపుకుంటున్న ఒక మిత్రులు మా ఇంటికి వచ్చారు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చు వేసే సంస్థ అది. పనివారు ఎనిమిది మంది. ఆయన చేతిలో మూడు బీమా కంపెనీల కొటేషన్లు ఉన్నాయి.

"డాక్టరు గారూ, మా వాళ్లందరికీ గ్రూపు ఇన్సూరెన్సు చేయిద్దామనుకుంటున్నానండీ. ఈ మూడింట్లో ఏది మంచిదో మీరు చూసి చెప్పాలి" అన్నారు.

కాగితాలు తిరగేశాను. మూడింటిలోనూ అతి తక్కువ ప్రీమియం ఉన్న కొటేషన్‌కు జతపరచిన జాబితాలో ఏడు పేర్లే ఉన్నాయి. ఎనిమిదో పేరు ఏమైందని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "బైండింగు చూసే పెద్దాయనండీ. వయసు 59. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆయన పేరు తీసేస్తే ప్రీమియం బాగా తగ్గుతుందని ఏజెంటు చెప్పాడు."

అప్పటికప్పుడు నేనేమీ చెప్పలేదు. ఆదివారం రమ్మన్నాను. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసినవాణ్ణి. జాబితాలోంచి కొట్టివేయబడిన పేర్లు ఎక్కడికి చేరుతాయో నాకు తెలుసు. అవి మా ఓపీ వరుసలోకి చేరుతాయి, అదీ చాలా ఆలస్యంగా. అయితే ఆ మిత్రుణ్ణి మందలించి పంపించడం నా ఉద్దేశం కాదు. ఆ పేరు తీసివేయాలనే ఆలోచన ఆయనది కాదు, ఆ ఏజెంటుదీ కాదు. సమూహ బీమా ఎంత పాతదో ఆ ఆలోచనా అంత పాతది. ఆయనకు ఆదివారం నేను చెప్పిన సంగతులనే, కొంత విస్తరించి, ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

కథ జర్మనీలో మొదలవుతుంది. అక్కడి గని కార్మికులు శతాబ్దాలుగా తమలో తాము చందాలు వేసుకొని, జబ్బుపడినవాడినీ, గనిలో దెబ్బతిన్నవాడినీ ఆదుకొనే నిధులు నడుపుకొనేవారు. 1883 జూన్ 15న ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వం కార్మికుల అనారోగ్య బీమా చట్టాన్ని తెచ్చింది. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. వైద్యంతో పాటు, జబ్బుపడిన మూడో రోజు నుంచి పదమూడు వారాల వరకు సగం వేతనం ఇచ్చేవారు. బిస్మార్క్ దయామయుడని మీరు అనుకోవద్దు. కార్మికులు సోషలిస్టుల వైపు మళ్లిపోతున్నారన్న భయమే ఆయనను ఆ పనికి పురికొల్పింది. చరిత్రలో మంచి పనులకు మంచి కారణాలే ఉండాలన్న నియమం లేదు. కానీ ఆ చట్టంలోని ఒక్క మాట గుర్తుంచుకోండి: నిర్బంధం. ఆ పరిశ్రమలలో పనిచేసేవాడు ఆరోగ్యవంతుడైనా, రోగి అయినా చేరవలసిందే. నాకెందుకులే అని బలవంతుడు తప్పుకోవడానికి వీలులేదు. నువ్వు వద్దని బలహీనుణ్ణి తప్పించడానికీ వీలులేదు.

ఆ రెండో సగం ఎంత ముఖ్యమో బ్రిటన్ అనుభవం చూపింది. లాయిడ్ జార్జ్ 1911లో తెచ్చిన జాతీయ బీమా చట్టం కింద వారానికి కార్మికుడు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వం రెండు చొప్పున వేసుకొనేవారు. నాలుగు పెన్నీలకు తొమ్మిది పెన్నీల ఫలమని దానికి ప్రచారం. అక్కడి మా వృత్తివారు, అంటే వైద్యులు, మొదట ఆ చట్టాన్ని తీవ్రంగా ప్రతిఘటించారు. తరువాత దాని వల్ల తమ ఆదాయం పెరగడం చూసి సర్దుకున్నారు. వైద్యుల చరిత్రలో ఇది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు.

అయితే ఆ చట్టంలో ఒక కన్నం మిగిలిపోయింది. బీమా నిర్వహణను ప్రభుత్వం 'ఆమోదిత సంఘాలకు' అప్పగించింది. ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో ఒక మనిషిని చేర్చుకోకుండా నిరాకరించే స్వేచ్ఛ ఆ సంఘాలకు ఉండేది. అన్ని సంఘాలూ కాదన్న మనిషి పోస్టాఫీసులో ఒక ఖాతా తెరుచుకోవాలి. అతని పేరున జమ అయినది ఎంతో, అంతవరకే అతనికి వైద్యం, భృతి. అంటే ఎవరికి బీమా అత్యవసరమో, సరిగ్గా ఆ మనిషికే బీమా అనేది లేకుండా పోయింది. అతనికి మిగిలింది ఒక చిన్న పొదుపు ఖాతా. మా మిత్రుని జాబితాలోని ఎనిమిదో పేరు 1912 నాటి లండన్‌లో ఉండి ఉంటే ఆ పోస్టాఫీసు వరుసలోనే నిలబడేది.

దీనికి వ్యతిరేక దిశలో ఒక చిన్న ఉదాహరణ అమెరికాలో ఉంది. చిన్న సంస్థల వారు తెలుసుకోదగినదని నేననుకొనేది దీన్నే. టెక్సాస్ రాష్ట్రం డల్లాస్ నగరంలో బేలర్ ఆసుపత్రి అప్పులలో కూరుకుపోయి ఉంది. దాని బాధ్యత చూస్తున్న జస్టిన్ ఫోర్డ్ కింబల్ వైద్యుడు కాదు. అంతకు ముందు ఆ నగర పాఠశాలలకు సూపరింటెండెంటుగా పనిచేసినవాడు. ఆసుపత్రి బాకీల పుస్తకంలో తనకు తెలిసిన ఉపాధ్యాయుల పేర్లు ఎన్నో కనిపించాయి. ఉపాధ్యాయుల అనారోగ్య సహాయ నిధి లెక్కలు ఆయనకు పరిచితమే. ఆ లెక్కలు వేసి, 1929లో ఒక పథకం పెట్టాడు. నెలకు అర డాలరు, ఏడాదికి ఆరు డాలర్లు కట్టిన ఉపాధ్యాయునికి ఏడాదిలో 21 రోజుల ఆసుపత్రి సేవ. షరతు ఒక్కటే: ఉపాధ్యాయులలో కనీసం నూటికి 75 మంది చేరితేనే పథకం మొదలవుతుంది.

ఆ షరతు ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించండి. ఎవరికి వారే నిర్ణయించుకొమ్మంటే ముందుగా చేరేది ఆపరేషన్ అవసరం ఉన్నవాళ్లు. అప్పుడు అర డాలరు చాలదు, ధర పెరుగుతుంది. ధర పెరిగితే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తప్పుకుంటారు. మళ్లీ ధర పెరుగుతుంది. చివరికి రోగులు మాత్రమే మిగిలి పథకం కూలిపోతుంది. నూటికి 75 మంది చేరితే రోగులూ వస్తారు, ఆరోగ్యవంతులూ వస్తారు. అప్పుడే ఎవరికీ వైద్య పరీక్ష పెట్టనవసరం లేదు. గ్రూపు పాలసీలో వైద్య పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకొనే ఔదార్యం కనిపిస్తుందే, దాని మూలం ఇక్కడుంది. అది కంపెనీ దయ కాదు. గుంపు మొత్తంగా వచ్చినందుకు ఇచ్చే ప్రతిఫలం. గుంపును మీరు ముందే ఏరి తెస్తే ఆ ప్రతిఫలానికి ఆధారమే పోతుంది. బేలర్ పథకమే తరువాత బ్లూక్రాస్ ఉద్యమానికి బీజమైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేతనాల పెంపుపై ఆంక్షలు రావడంతో అమెరికా యజమానులు జీతానికి బదులు ఆరోగ్య బీమాను ఎరగా చూపసాగారు. అక్కడ ఉద్యోగం పోతే బీమా ఎందుకు పోతుందో, మీ పిల్లలు ఫోన్లలో చెప్పే ఆ బెంగ ఎక్కడ మొదలైందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఇక మన దేశానికి వద్దాం.

1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం పనిలో జరిగిన ప్రమాదానికి, కొన్ని వృత్తి వ్యాధులకు మాత్రమే నష్టపరిహారం ఇచ్చేది. మామూలు జబ్బు మనిషి సొంత వ్యవహారం. 1943లో అప్పటి ప్రభుత్వం ఆర్థికశాస్త్ర ఆచార్యులు బి.పి. అదార్కర్‌ను పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇవ్వమని కోరింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ అప్పుడు డాక్టర్ అంబేద్కర్ చేతిలో ఉంది. అదార్కర్ 1944 ఆగస్టులో నివేదిక సమర్పించారు. వస్త్ర, ఇంజనీరింగు, ఖనిజ లోహ పరిశ్రమలలో నిర్బంధంగా, చందా పద్ధతిపై బీమా ఉండాలన్నారు. బిస్మార్క్ నాటి నిర్బంధ సూత్రమే ఇక్కడికీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 ఏప్రిల్‌లో, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. మనం నిత్యం ఈఎస్‌ఐ అని పిలిచేది దీన్నే.

చట్టమైతే వచ్చింది గానీ పథకం 1952 ఫిబ్రవరి 24న గాని మొదలు కాలేదు, అదీ కాన్పూరు, ఢిల్లీలలో మాత్రమే. ఆలస్యానికి ఒక కారణం చిత్రమైనది. ముందుగా మా ఊళ్లోనే చందా వసూలు చేస్తే మిగతా ఊళ్ల మిల్లులతో పోటీలో మేం దెబ్బతింటామని యజమానులు అభ్యంతరం చెప్పారు. అందుకని 1951లో చట్టాన్ని సవరించి, పథకం ఇంకా చేరని ప్రాంతాల యజమానుల దగ్గర కూడా కొద్దిపాటి చందా వసూలు చేసే ఏర్పాటు చేశారు. గుంపులో కొందరినే ఎంచుకుంటే వచ్చే చిక్కు మనుషుల మధ్యనే కాదు, ఊళ్ల మధ్య కూడా వస్తుందన్నమాట.

ఈఎస్‌ఐ సంస్థకు తొలి డైరెక్టర్ జనరల్ డాక్టర్ చునీలాల్ కటియాల్. ఈయన గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. పంజాబు నుంచి వెళ్లి లండన్ శ్రామికవాడలో వైద్యం చేసినవారు. 1931లో గాంధీజీ, చార్లీ చాప్లిన్ కలుసుకున్నది ఈయన ఇంట్లోనే. 1938లో ఫిన్స్‌బరీ మేయరయ్యారు. పేదవాడకు ఒకేచోట అన్ని వైద్య సేవలూ అందించే ఆరోగ్య కేంద్రం అక్కడ వెలియడంలో ముఖ్యపాత్ర ఆయనది. అటువంటి అనుభవం ఉన్న వైద్యుడు మన కార్మిక బీమాకు పునాది వేశారు. మేము వైద్య కళాశాలలో చదువుకున్న ఐదేళ్లలో ఈయన పేరు ఎవరూ చెప్పలేదు.

మన ప్రాంతంలో ఈఎస్‌ఐ 1955లో అడుగుపెట్టింది. అయితే ఎవరికి? 1948 చట్టంలో 'ఫ్యాక్టరీ' అంటే విద్యుత్తు వంటి యంత్రశక్తితో నడుస్తూ, 20 మంది లేక అంతకు మించి పనిచేసేది. నెలకు 400 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తింపు. పైగా ఋతువును బట్టి నడిచే ఫ్యాక్టరీలకు మినహాయింపు. ఆ మినహాయింపుల వరుస చదివితే మన ప్రాంతపు పటం చూసినట్టే ఉంటుంది: పత్తి జిన్నింగు, పత్తి ప్రెస్సింగు, వేరుశనగ కాయ వొలవడం, చక్కెర, బెల్లం. గుంటూరు, ఆదోని జిన్నింగు మిల్లులు, రాయలసీమ వేరుశనగ మిల్లులు, గోదావరి, విశాఖ జిల్లాల చక్కెర మిల్లులు, బెల్లపు గానుగలు, వీటిలో పనిచేసిన లక్షణమైన శ్రామికులు చట్టానికి కనపడలేదు. వారితో పాటు ఐదుగురు, పదిమందితో నడిచే ప్రెస్సులు, లేతు షెడ్లు, దర్జీ దుకాణాలు, కిరాణా కొట్లు.

1970ల చివరలో నేను ఒక తాలూకా ఆసుపత్రిలో కొత్తగా చేరినప్పుడు, ఒక జిన్నింగు మిల్లు కార్మికుడు వచ్చాడు. క్షయ. అప్పట్లో స్ట్రెప్టోమైసిన్ సూదులు, మాత్రలు ఏడాదికి పైగా వాడవలసి ఉండేది. మందులు ఆసుపత్రిలో ఉచితం. రెండు నెలలు క్రమంగా వచ్చాడు, దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు చేశాడు. ఆపై రావడం మానేశాడు. కబురు పంపితే అతని భార్య వచ్చి, "మందులు మీరిస్తారు బాబూ, కూలి ఎవరిస్తారు? సీజను మొదలైంది" అంది. తరువాతి ఏడాది అతన్ని మంచం మీద తెచ్చారు. అప్పటికి ఆ మందులు పనిచేయడం మానేశాయి. అతను బతకలేదు.

అదే రోగం ఈఎస్‌ఐ ఉన్న మిల్లు కార్మికుడికి వచ్చి ఉంటే మందుతో పాటు నెలల తరబడి వేతనంలో కొంత భాగం కూడా వచ్చేది. ఈ తేడాను మీరు బాగా పట్టుకోవాలి. ఈనాటికీ ఈఎస్‌ఐ ఇచ్చే అనారోగ్య భృతి ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం. క్షయ, క్యాన్సర్ వంటి 34 దీర్ఘ వ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు. ప్రైవేటు గ్రూపు పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది గాని, ఇంట్లో పొయ్యి వెలగడానికి ఏమీ ఇవ్వదు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలను ఈసడించుకొనేవారిని నేను చాలామందిని చూశాను. ఆ ఈసడింపులో నిజం లేకపోలేదు. వరుసలు పొడుగు, మందుల కొరత, రెఫరల్ కాగితాల తిరుగుడు. కానీ జబ్బుపడ్డ కూలివాడికి కూలి ఇవ్వాలన్న ఆలోచన ఈ దేశంలో ఇంత పెద్ద ఎత్తున అమలు చేసింది అదొక్కటే.

ఈ చట్టానికి బయట మిగిలిపోయినవారికి చాలాకాలం ఏమీ లేదు. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై, 107 కంపెనీలు నాలుగుగా కలిసిపోయాయి. ఆ నాలుగు కంపెనీలు 1986లో 'మెడిక్లెయిమ్' పాలసీ తెచ్చాయి. వ్యక్తులకూ ఉంది, గ్రూపులకూ ఉంది. వ్యక్తి తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించదు. గ్రూపు తీసుకుంటే, కొంత అదనంగా కట్టి ఆ అడ్డు తొలగించుకోవచ్చు, కాన్పులు కూడా చేర్చుకోవచ్చు. గుంపు పెద్దదైన కొద్దీ రాయితీ. క్లెయిములు తక్కువైతే మరింత రాయితీ, ఎక్కువైతే అదనపు మోత. డల్లాస్ సూత్రం మన దేశానికి ఈ రూపంలో వచ్చింది.

కానీ దాని అసలు లాభం పెద్ద కంపెనీలకే దక్కింది. దాని వెనుక ఒక గుట్టు ఉంది. అప్పట్లో అగ్నిప్రమాద బీమా, ఇంజనీరింగు బీమా ధరలు టారిఫ్ ప్రకారం స్థిరంగా ఉండేవి. వాటిలో కంపెనీలకు మంచి మిగులు. ధర తగ్గించి ఖాతాదారును ఆకర్షించే వీలు అక్కడ లేదు కనుక, పెద్ద ఫ్యాక్టరీ అగ్ని బీమా తమకే రావాలని ఉద్యోగుల ఆరోగ్య బీమాను నష్టానికైనా కట్టబెట్టేవారు. ఒక రకంగా పండుగ కానుక. 2007 జనవరి 1న ఆ టారిఫ్ ధరలు ఎత్తివేశారు. అగ్ని బీమా ధరలు పడిపోయాయి, కానుకకు మూలధనం పోయింది. అప్పటి నుంచి ఆరోగ్య బీమా తన కాళ్ల మీద తాను నిలబడాలి. ప్రతి గ్రూపు క్లెయిములనూ పైసా పైసా లెక్క కట్టడం, గది అద్దెకు పరిమితులు, కో-పేలు పెరగడం ఆ తరువాతి ముచ్చట. మధ్యలో 1999 చట్టంతో నియంత్రణ సంస్థ, దాని వెంట ప్రైవేటు కంపెనీలు, 2001 నిబంధనలతో టీపీఏలు, నగదు రహిత వైద్యం వచ్చాయి.

అదే 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల రేషను కార్డున్న కుటుంబాలకు పెద్ద శస్త్రచికిత్సలు అందుబాటులోకి వచ్చాయి. మా వార్డుల నుంచి ఏ దారీ లేక ఇంటికి పంపిన గుండె రోగులు ఎందరో ఆపరేషన్లు చేయించుకొని తిరిగి కనిపించారు. దాని మేలు నేను తక్కువ చేయను. కానీ దాని వల్ల చిన్న యజమానులలో ఒక నిశ్చింత కూడా ఏర్పడింది: మావాళ్లకు కార్డుంది, ఇంకేం కావాలని. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ ఉత్తర్వులో, తిరిగి తెరుచుకొనే పని ప్రదేశాలు కార్మికులకు వైద్య బీమా కల్పించాలని ఒక వాక్యం రాసింది. ఆ ఒక్క వాక్యంతో వేలాది చిన్న సంస్థలు మొదటిసారి గ్రూపు పాలసీ అన్న మాట విన్నాయి. హడావుడిలో కొన్నారు, ఏం కొన్నారో చదవలేదు.

ఆదివారం మా మిత్రునికి ఇంతవరకూ చెప్పేసరికి ఆయన రెండోసారి కాఫీ తాగేశారు. "చరిత్ర సరేనండీ, ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అన్నారు. మీరూ అదే అడుగుతూ ఉండవచ్చు.

మొదట మీ దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కించండి. పది లేదా అంతకు మించితే, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ మీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు, అది చట్టం. ప్రైవేటు పాలసీ కొన్నామని దాన్ని ఎగవేయడం కుదరదు. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, పదిమంది లోపు ఉన్న సంస్థ కూడా యజమాని, ఉద్యోగులు ఇరువురూ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు కల్పించింది. ఈ సంగతి ఏ ఏజెంటూ మీకు చెప్పడు, అతనికి అందులో కమీషను లేదు గనుక.

గ్రూపు పాలసీయే తీసుకుంటే ప్రీమియం అంకె దగ్గర కాకుండా, ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. చిన్న గ్రూపుకు గ్రూపు అన్న పేరు సార్థకమయ్యేది అక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తీసివేశారు, గ్రూపు పాలసీలపై 18 శాతం అలాగే ఉంది. అందుచేత తలా ఒక వ్యక్తిగత పాలసీ తీసుకొమ్మని సలహా ఇచ్చేవారు బయలుదేరారు. ఇరవై ఐదేళ్ల కుర్రవాడికి అది మంచిదే. 59 ఏళ్ల మధుమేహ రోగికి కంపెనీ పాలసీ ఇస్తుందో లేదో చెప్పలేం. ఇచ్చినా, పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ పెట్టవచ్చు. ఆ మూడేళ్లు ఆయన గుండె, మూత్రపిండాలు ఆగుతాయని నేను హామీ ఇవ్వలేను.

గది అద్దె నిబంధన ఇంకొకటి. బీమా మొత్తం రెండు లక్షలు, గది అద్దె దానిలో ఒక శాతం అనుకోండి. అంటే రోజుకు 2,000. మీ మనిషి 4,000 గదిలో చేరితే, అద్దెలో సగమే కాక డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు వంటివి కూడా సగానికే తగ్గించి ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల విషయంలో ఈ కోత వేయకూడదని నియంత్రణ సంస్థ చెప్పింది గాని, మిగిలిన కోతే సామాన్యుణ్ణి అప్పులపాలు చేయడానికి చాలు. గది ఎంచుకొనేది రోగి కాదు, అర్ధరాత్రి కంగారుగా తీసుకెళ్లిన బంధువు. కనుక పరిమితి లేని పాలసీ, లేదా మీ పట్టణపు ఆసుపత్రుల గది ధరలు కనుక్కొని దానికి సరిపోయే పాలసీ చూడండి. ఆ ఆసుపత్రులు నగదు రహిత జాబితాలో ఉన్నాయో లేదో కూడా. హైదరాబాదులో ఎన్ని ఆసుపత్రులు ఉంటే నరసరావుపేట మనిషికి రాత్రి రెండు గంటలకు ఏం లాభం?

అన్నిటికంటే చిన్న సంస్థను ఇబ్బంది పెట్టేది రెన్యువల్. ఉదాహరణకు కుటుంబానికి 12,000 చొప్పున ఎనిమిది కుటుంబాలకు 96,000 కట్టారనుకోండి. ఆ ఏడాది ఒక్కరికి స్టెంటు వేసి రెండు లక్షల క్లెయిము వస్తే, కంపెనీ లెక్కలో మీది నష్టపు గ్రూపు. అదే 800 మంది ఉన్న కంపెనీలో ప్రీమియం 96 లక్షలు, ఆ రెండు లక్షలు సముద్రంలో చెంబుడు నీళ్లు. ఎనిమిది మంది గుంపు అసలు గుంపే కాదు. అందుకని కొన్ని బీమా కంపెనీలు చిన్న సంస్థలన్నిటినీ ఒకే కుప్పగా లెక్కించి ధర కడతాయి, కొన్ని మీ ఒక్కరి క్లెయిములు చూసి పెంచుతాయి. ఏ పద్ధతో లిఖితపూర్వకంగా అడగండి. మొదటి ఏడాది రెండు వేలు తక్కువ పడిందని సంతోషించి, రెండో ఏడాది రెట్టింపు అడిగితే మానేసిన యజమానులు నాకు తెలుసు. మానేసిన ఏడాదే ఎవరికో జబ్బు వస్తుంది.

ఉద్యోగి మానేసిన రోజున గ్రూపు రక్షణ పోతుంది. అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం నిబంధనలలో ఉంది, గడిపిన నిరీక్షణ కాలం కలిసివస్తుంది; గడువులోపు దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామందికి ఇది తెలియదు. రిటైరు కాబోయేవారికి యజమానే చెప్పాలి. కొత్తగా చేరినవారి పేరు, పుట్టిన బిడ్డ పేరు వెంటనే పంపి ఎండార్స్‌మెంటు కాగితం తెప్పించుకోవడం కూడా ఆఫీసులో ఒకరి బాధ్యతగా పెట్టండి. ప్రీమియం నగదుగా కాక బ్యాంకు ద్వారా కట్టండి, వ్యాపార ఖర్చుగా చూపుకోవచ్చు. ఇక బిల్లు కట్టే పాలసీ కూలి ఇవ్వదని పైన చెప్పాను కదా. జబ్బు సెలవుకు కనీసం కొన్ని రోజుల జీతం మీరే ఇవ్వవలసి ఉంటుంది. మా జిన్నింగు మిల్లు రోగిని తలచుకొని ఈ మాట రాస్తున్నాను.

మా మిత్రులు ఏజెంటుకు ఫోను చేసి ఎనిమిది పేర్లతో, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తించేలా, గది పరిమితి లేకుండా కొత్త కొటేషన్ అడిగారు. మొదటిదానికంటే 14,000 ఎక్కువ వచ్చింది. ఆయన నొసలు చిట్లించి, శుభలేఖల సీజను లెక్కలు ఏవో వేసుకున్నారు. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, "పెద్దాయన షుగరు మందులు సరిగా వాడడండీ, ఒకసారి మీ దగ్గరికి పంపనా?" అని అడిగారు. పంపమన్నాను. పోయిన బుధవారం వచ్చారు. పరగడుపున చక్కెర 212 ఉంది, పాదాలలో స్పర్శ తగ్గుతోంది. మందు మార్చి, మూత్రంలో ప్రొటీన్ పరీక్షకు రాసి ఇచ్చాను. పాలసీ ఒకటో తేదీ నుంచి మొదలవుతుందట.